మూడు రోజుల పలకలు

బూడిదలో పోసిన పన్నీరు అనే సామెతను పుట్టించిన మహానుభావుడు ఎవరో గానీ, ఆయన ఆ కార్ఖానాను చూసి ఉండడు. అక్కడ బూడిదలో పన్నీరు తప్ప అన్నీ పోసేవారు; పోసింది ఏదీ వృథా అయ్యేది కాదు. కరెంటు కేంద్రంలో బొగ్గు కాలి మిగిలిన బూడిద లారీల్లో వచ్చేది. తివాచీల మిల్లులో కత్తిరించి పారేసిన పీచు మూటల్లో వచ్చేది. ఊరు ఛీకొట్టిన సరుకంతా అక్కడికి చేరి, జిగురుతోనూ నీళ్లతోనూ కలిసి, వేడి ప్రెస్సు కింద పావుగంటసేపు నలిగి, తలుపుగానో బెంచీగానో మురుగుకాలవ మూతగానో మరుజన్మ ఎత్తి, మళ్లీ ఆ ఊళ్లోకే మర్యాదగా తిరిగి వెళ్లేది. మనుషులకు ఈ సదుపాయం ఇంకా రాలేదు.

ఈ మరుజన్మలన్నీ ఒక మనిషి కుడిచేతి మీదుగా జరిగేవి. ఆయన్ని అందరూ పిడికిలి మేస్త్రి అనేవారు. తొట్టిలో కలిపిన ముద్దను గుప్పెడు తీసి, పిడికిలి బిగించి, పది లెక్కపెట్టి విప్పేవాడు. ముద్ద మీద నాలుగు వేళ్ల అచ్చులూ నిలవాలి. బొటనవేలితో నొక్కితే సరిగ్గా రెండు ముక్కలు కావాలి. పొడిపొడిగా రాలిందంటే నీళ్లు చాలలేదు. అలాంటి పలక అంచులు రాలిపోతాయి, తప్పు వెంటనే బయటపడుతుంది. విరగకుండా వంగిందంటే తడి ఎక్కువ. అసలు ప్రమాదం అదే. ప్రెస్సు వేడికి ఆ నీరు లోపలే ఆవిరై పొక్కులు కడుతుంది. పైకి పలక అద్దంలా మెరుస్తుంది, లోపల బోలు. పైకి మెరుస్తూ లోపల బోలుగా ఉండేవాళ్లను ఊళ్లో సభల్లో ముందు వరసలో కూర్చోబెడతారు గానీ, పలక మీద మనుషులు నిలబడాలి కాబట్టి ఆ మర్యాద దానికి కుదరదు.

మేస్త్రి భార్య అదే కార్ఖానాలో పీచు విడదీసేది. తివాచీ మిల్లు నుంచి వచ్చే చిక్కు ముద్దల్ని దువ్వి, పోగులుగా చేసి, బుట్టలో నింపి తొట్టి దగ్గరికి తెచ్చేది. ముద్ద అంతా కలిశాక ఆఖరున పడేది ఆ బుట్టే. అందుకని ఆమెను నూలక్క అనేవారు. ఇరవై ఎనిమిదేళ్లు చిక్కులు తీసిన మనిషి ఎలా ఉంటుందో ఆమె అలాగే ఉండేది: నెమ్మదిగా, ఓపిగ్గా, చేతిలో పట్టుకున్నది వదలకుండా. ఎక్కువగా మాట్లాడేది కాదు. ఇంట్లో ఆ బాధ్యతను మేస్త్రి ఒక్కడే మోసేవాడు. సాయంత్రం కాళ్లు కడుక్కున్నది మొదలు కన్ను మూతపడేదాకా ఆ రోజు ముద్ద ఎలా కుదిరింది, ఎందుకు కుదిరింది, తాను గాక ఇంకెవడైనా అయితే ఎలా చెడేది అనే మూడు అంశాల మీద ఉపన్యాసం సాగేది. ఆమె ఊఁ కొట్టేది. ఊఁ కొట్టడంలోనూ రకాలున్నాయని, అన్నింటికీ పనికొచ్చే ఊఁ తన దగ్గర ఒకటుందని ఆమె ఓసారి అక్కతో అంది.

పెళ్లయిన కొత్తలో మేస్త్రి జేబులో తడి బూడిద ముద్ద తెచ్చేవాడు. మిగతా మొగుళ్లు ఏవేవో తెస్తారని ఆమె విని ఉంది. ఆయన ముద్దను ఆమె అరచేతిలో పెట్టి, పిడికిలి మీద తన చెయ్యి వేసి బిగించేవాడు. "పది లెక్కపెట్టు. ఇప్పుడు విరువు. ఏం తెలిసింది?" అనేవాడు. మొదట్లో ఆమెకు చెయ్యి మురికైందని తప్ప ఏమీ తెలిసేది కాదు. ఏడాది తిరిగేసరికి తెలియడం మొదలైంది. ముద్ద ఎంత నీళ్లు తాగిందో, ఇంకా ఎంత దాహంగా ఉందో వేళ్ల సందుల్లో తెలిసేది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

రెండేళ్ల కిందట ఒక సాయంత్రం ఆయన పొయ్యి మీది గిన్నెను గుడ్డ లేకుండా దించాడు. దించి, చెబుతున్న కబురు ఆపకుండా, తాపీగా నాలుగడుగులు నడిచి బల్ల మీద పెట్టాడు. ఆమెకు కమిలిన వాసన వచ్చింది.

"ఏమయ్యా, చెయ్యి చూసుకో" అంది.

ఆయన అరచేతిని తిప్పి, పక్కింటివాళ్ల ఉత్తరం పొరపాటున తనకొస్తే చూసినట్టు చూశాడు. నాలుగు వేళ్ల మీదా తెల్లటి పొక్కులు లేస్తున్నాయి. పనిచేసే చేతికి ఆమాత్రం మొద్దు ఉంటుందని, సుకుమారపు చేతులు గుమాస్తాలవని తేల్చి, మళ్లీ కబురు అందుకున్నాడు. డాక్టరు దగ్గరికి రమ్మంటే రాలేదు. ఆమె ఒక్కతే వెళ్లి, ఆ జబ్బు తనదేనని చెప్పింది. డాక్టరు సూదితో వేలికొస మీద గుచ్చాడు. ఆమె అబ్బా అంది. దాంతో రహస్యం అక్కడికక్కడే పగిలింది. డాక్టరు నవ్వి, ఆయన్నే తీసుకురమ్మని, ఇది చక్కెర జబ్బు నరాల్ని తినడం కావచ్చని, వేలికొసల్లో పోయిన స్పర్శ తిరిగి రావడం అరుదని చెప్పాడు.

మర్నాడు తొట్టి దగ్గర మేస్త్రి పిడికిలి బిగించి, పది లెక్కపెట్టి, "భేష్" అన్నాడు. ఆయన అటు తిరగ్గానే ఆమె గుప్పెడు తీసి నొక్కింది. ముద్ద విరగలేదు, వంగింది.

ఆమె బుట్ట పట్టుకుని బూడిద గుట్ట దగ్గరికి నడిచింది. పీచు కింద రెండు దోసిళ్ల పొడి బూడిద వేసి, పైన పీచు కప్పి తెచ్చి తొట్టిలో కుమ్మరించింది. ఇంకోరోజు ముద్ద రాలిపోతుంటే పీచును నీళ్లలో ముంచి, పిండి, తెచ్చి వేసింది. అలా మొదలైంది. రోజుకు ఎనిమిది తొట్లు. తొట్టి తొట్టికీ ఆయన ముందు పిడికిలి పట్టేవాడు, వెనక ఆమె పట్టేది. ఆయన భేష్ అన్నదాన్ని ఆమె భేష్ చేసేది. బుట్టలోంచి బూడిద రేగుతోందని, పీచు సరిగా దులపడం ఇన్నేళ్లయినా చేతకాలేదని ఆయన అందరి ముందూ కేకలేసేవాడు. ఆమె తల వంచుకుని తిట్లు తినేది. పస్తున్నవాడి ముందు అన్నం దాచుకుని తింటున్నట్టు ఉండేది ఆమెకు. తిట్టు పడ్డ రోజు ఆ బరువు కొంచెం తగ్గేది.

ఆ రెండేళ్లలోనే కార్ఖానాకు పేరొచ్చింది. బస్టాండు బెంచీలు, ఆస్పత్రి తలుపులు, చంటిపిల్లల బడిలో బల్లలు అన్నీ ఆ బూడిద పలకలే. యజమాని పెద్దమనుషుల్ని వెంటబెట్టుకొచ్చి మేస్త్రి చెయ్యి చూపించేవాడు. ఆయనది మంచి హస్తవాసి అనేవాడు. మేస్త్రి చెయ్యి చాచి నిలబడేవాడు. వెనకాల నూలక్క పీచు దువ్వుకుంటూ ఉండేది.

అప్పుడే వంతెన పని వచ్చింది.

మేస్త్రి వాళ్ల సందుకూ కార్ఖానాకూ మధ్య ఒక కాలవ ఉంది. మీదున్న చెక్క వంతెన పుచ్చిపోయింది. పిల్లలు బడికి వెళ్లాలన్నా, పెద్దలు పనికి వెళ్లాలన్నా పైనున్న పాత తూము దాకా చుట్టూ తిరిగి పోవాలి, ఇరవై నిమిషాల నడక. దాని మీద పరవడానికి నూట పది బూడిద పలకలు కావాలని యజమానికి పురమాయింపు వచ్చింది. ఆ రోజు మేస్త్రి సందులో ప్రతి గుమ్మం దగ్గరా ఆగి ఈ వార్త చెప్పాడు. అందరికీ చెప్పాక, చెప్పినవాళ్లకే మళ్లీ చెప్పాడు. "మనవలు దాటే వంతెనయ్యా, నా చేతిమీదుగా పోతోంది" అన్నాడు ఎదురింటి ముసలాయనతో. మేస్త్రికి మనవలే కాదు, పిల్లలూ లేరు. సందులోని పిల్లలందర్నీ అప్పటికప్పుడు మనవలుగా తీసేసుకున్నాడన్నమాట.

పని మొదలైన రెండో వారంలో నూలక్క అక్కకు కంటి ఆపరేషన్ అయింది. తోడుండేవాళ్లు లేరు. మూడు రోజులు తప్పనిసరిగా వెళ్లాలి. ఆ మూడు రోజులూ వంతెన పలకలు ఆపించడానికి ఆమె చేయని ప్రయత్నం లేదు. ఆయనకు ఒంట్లో బాగాలేదేమో, సెలవు పెడితే బాగుంటుందేమో అని చూసింది. ఆయన జన్మలో అంత ఆరోగ్యంగా లేడు. ఆపరేషన్ ఒక వారం ఆగదా అని అక్కను అడిగింది. కళ్లు కనిపించనిది నీకు కాదుగా అంది అక్క. చివరికి ఆమె వెళ్లేముందు మూడు రోజులకూ సరిపడా పీచు దువ్వి, బుట్టల్లో నింపి, "నీళ్లు కాస్త తగ్గించి పోయించయ్యా, ఈసారి బూడిద చెమ్మగా ఉంది" అని మాత్రం అనగలిగింది.

"గుడ్డు వచ్చి పిల్లను వెక్కిరించిందట" అన్నాడు మేస్త్రి ఎంతో సంతోషంగా.

నాలుగోరోజు తిరిగొచ్చేసరికి ఆ మూడు రోజుల పలకలు, నలభై రెండు, కాలవ గట్టు చేరిపోయాయి. ఆమె ముందుగా రంపం దగ్గరికి వెళ్లింది. ప్రెస్సులోంచి వచ్చిన పలకల అంచులు అక్కడే కోస్తారు. కోసిన ముక్కల్ని మళ్లీ పొడి చేయించడం ఆమె పనే. గంపలోంచి ఒక అంచుముక్క తీసి మోకాలి మీద విరిచింది. లోపల బియ్యపుగింజంత పొక్కులు వరసగా ఉన్నాయి. ఇంకోటి విరిచింది. ఇంకోటి. గంప సగమయ్యేదాకా విరుస్తూనే ఉంది.

పరీక్షలు చేసే అమ్మాయి ఒకతె ఉండేది, చదువుకున్నది, కొత్తగా చేరింది. పరీక్షమ్మ అనేవారు. నూలక్క ఆమె దగ్గరికి వెళ్లి, ఆ మూడు రోజుల బూడిద తడిసినట్టుందని, పలకలు ఇంకోసారి చూస్తే మంచిదేమోనని అంది. పరీక్షమ్మ కాగితాలు తీసి చూపించింది. మూడు రోజులూ మూడు పలకలు బరువుకు నిలబడ్డాయి. నిలబడక ఏంచేస్తాయి? మేస్త్రికి ఒక ఆచారం ఉంది. సాయంత్రం ఒక పలకకు సరిపడా ముద్దను తొట్టిలోనే ఉంచి, గోనెపట్టా కప్పి, పెరుగుకు తోడులాగా రాత్రంతా ఉంచేవాడు. పొద్దున మొదట అదే ప్రెస్సులో పెట్టేవాడు. పాతముద్ద వల్ల కొత్తముద్దకు బుద్ధి వస్తుందని ఆయన సిద్ధాంతం. పరీక్షకు పంపేది ఎప్పుడూ పొద్దుటి మొదటి పలకే. రాత్రంతా ఉన్న ముద్దలో ఎక్కువైన నీళ్లు గోనె పీల్చేసుకుంటుంది. అందుచేత ఆ కార్ఖానాలో పరీక్ష తప్పిన పలక లేదు. పరీక్షకు వెళ్లిన పలకకూ మిగతావాటికీ సంబంధం లేదని ఎవరికీ తోచలేదు.

అన్నీ తెలిసి నిలబడ్డ మనిషికి ఎంత తక్కువ దారి ఉంటుందో నూలక్క ఆ మధ్యాహ్నం చూసింది. ఊరుకుంటే ఎల్లుండి పలకలు బిగిస్తారు. సందులో పిల్లలు నడవరు, ఎగురుతూ పోతారు. చెబితే ఆ చెయ్యి పోతుంది. ఆయన చెయ్యి పోతే ఆయనలో ఇంకేం మిగులుతుందో ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో ఆమెకు తెలియలేదు.

సాయంత్రం భోజనాల దగ్గర, ఆయన ఉపన్యాసం రెండో అంశంలో ఉండగా, మధ్యలో అంది.

"ఆ మూడు రోజుల పలకలు వంతెనకి వద్దయ్యా. లోపల తడి ఉంది."

"నీకెవరు చెప్పారు?"

"అంచులు విరిచి చూశా. పొక్కులున్నాయి."

ఆయన కోప్పడలేదు. ముచ్చటపడ్డాడు. పీచు దువ్వే మనిషి ముద్ద గురించి మాట్లాడటం ఆయనకు చంటిపిల్ల చెప్పులేసుకుని పెద్దవాళ్లలా నడిచినట్టు అనిపించింది. అంచు చూసి పలక సంగతి చెప్పడం గోరు చూసి మనిషి గుణం చెప్పడం లాంటిదన్నాడు. ఆమె మళ్లీ అదే మాట అంది. మూడోసారి కూడా అనేసరికి ఆయన అన్నం ముద్దను నోటి దగ్గరే ఆపాడు.

"సరే. రేపు వెనక్కి తెప్పించి విరగ్గొట్టి చూద్దాం. అందరి ముందూ."

"అందరి ముందూ ఎందుకు? ఆ అమ్మాయీ మనమూ ఉంటే చాలదూ?"

"చాలదు. ఇంట్లోదానికే నా చేతి మీద నమ్మకం లేదన్న మాట రేపు బయటికి పొక్కితే? అందరూ చూడాలి. నిలబడితే ఏం చేస్తావో చెప్పు."

"నిలబడితే జన్మలో పీచు ముట్టుకోను" అంది ఆమె. ఆ రాత్రి నిజంగా అవి నిలబడాలనే కోరుకుంది.

విరిగితే ఏమిటని ఆయన అడగలేదు. ఆ ప్రశ్న ఆయనకు తట్టలేదు.

పొద్దున్నే ఆయనే వెళ్లి బండి మీద పలకలు వెనక్కి తెప్పించాడు. యజమాని వచ్చాడు. ప్రెస్సు ఆపి అందరూ వచ్చారు. మేస్త్రి ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. పలకను రెండు దిమ్మల మీద పెట్టి, నడిమధ్య యంత్రం నెమ్మదిగా నొక్కుతుంది. ముల్లు ఎర్రగీత దాటేదాకా నిలిస్తే పలక గట్టిది. మొదటిది నిలిచింది. మేస్త్రి భార్య వైపు చూసి, పిల్లల్ని మందలించేటప్పుడు ఊపినట్టు వేలు ఊపాడు. కొందరు నవ్వారు. నూలక్క కూడా నవ్వింది. ప్రాణం లేచొచ్చింది ఆమెకు.

రెండోది ఎర్రగీతకు సగం దూరంలో విరిగింది. పెద్ద చప్పుడేమీ రాలేదు. ఎండిన రొట్టె తుంచినట్టు విడిపోయింది. లోపలంతా గుల్ల.

మూడోది విరిగింది. నాలుగోది విరిగింది. తొమ్మిది పెడితే రెండు నిలిచాయి.

పరీక్షమ్మ పుస్తకం తీసింది. తప్పు ఎక్కడో వెతకడం ఆమె ఉద్యోగం. ఆ అమ్మాయి మీద ఎవరూ కోపం పెట్టుకోలేరు. ఆ మూడు రోజుల పేజీల మీద వేలు పెట్టి గట్టిగా చదువుకుంటూ పోయింది.

"నీళ్లు ఎప్పుడూ పోసినన్నే. జిగురు అంతే. బూడిద ముందువారం వచ్చిన లారీదే. ప్రెస్సు వేడి అంతే. ముద్ద చూసింది మేస్త్రిగారే." వేలు హాజరుపట్టీ మీదికి జారింది. "ఈ మూడు రోజులూ లేనిది నూలక్క ఒక్కతే. పీచు ఎవరు వేశారు మరి?"

"నేనే వేశా" అన్నాడు మేస్త్రి. "ఆవిడ దువ్వి పెట్టి వెళ్లింది. దులిపి, శుభ్రంగా, బూడిద లేకుండా..."

అక్కడ ఆగిపోయాడు.

ఆగి, భార్య వైపు తిరిగాడు. ఆమె బుట్ట పట్టుకుని నిలబడి ఉంది. ఆయన చూపు బుట్ట మీద కొంతసేపు, ఆమె చేతుల మీద కొంతసేపు ఉంది.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు.

ఒక్క నెల అనే అబద్ధం ఆమె నాలుక మీదిదాకా వచ్చింది. చెబితే అంతకు ముందువన్నీ ఆయనవి అవుతాయి. కానీ అప్పుడు ఆ చేతిని నమ్మలేక పరీక్షమ్మ పుస్తకం తెరిచి, బెంచీలూ తలుపులూ బల్లలూ అన్నీ ఊడబెరికించి తెప్పిస్తుంది. అవి గట్టివని చెప్పాలంటే ఎందుకు గట్టివో చెప్పాలి.

"రెండేళ్ల మూడు నెలలు" అంది. "నీ చెయ్యి కాలినప్పటి నుంచి."

"బస్టాండు బెంచీలు?"

"అవి గట్టివే. భయం లేదు."

"గట్టివా అని కాదే నేనడిగింది."

"నేను చూశాను వాటిని."

"ఆస్పత్రి తలుపులు?"

"చూశాను."

"చంటిపిల్లల బడి బల్లలు?"

ఆ బల్లలు చేసిన వారం ఆయన ఇంటికొచ్చి చాలా రాత్రిదాకా నిద్రపోలేదు. ఒక్కో బల్ల మూలనూ తానే గరుకుకాగితంతో రుద్ది గుండ్రంగా చేశాడు, పిల్లల మోచేతులు గీసుకుపోకుండా. ఆమె బుట్టను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. ఆయన ఎదురుచూశాడు.

"చూశాను" అంది.

ఆయన ఇంకేవీ అడగలేదు. అడగదగినవి ఇంకా చాలా ఉన్నాయి. అక్కడ ఎవరూ లేనట్టు, ఇంట్లో మాట్లాడే గొంతుతో అన్నాడు:

"రోజూ తిట్టేవాణ్ణి కదే నిన్ను, బుట్టలో బూడిద ఉందని."

"తిట్టేవాడివి."

"పడ్డావు."

"పడ్డా. నువ్వు నేర్పిన చెయ్యే కదయ్యా ఇది. నీ చెయ్యే అనుకున్నా."

"నేర్పినవాడికి చెప్పాలి కదే" అన్నాడు.

ఆ మాటలో కోపం లేదు. ఉంటే ఆమె జవాబు వెతుక్కునేది.

ఆ కార్ఖానాలో చెడ్డ పలకను పారేయరు. పారేసిన దానితో చేసిందాన్ని మళ్లీ పారేయడం యజమానికి అవమానంగా తోచేది. సుత్తితో పగలగొట్టి, పొడి చేసి, కొత్త ముద్దలో పదోవంతు కలుపుతారు. నలభై రెండు పలకల్నీ తానే పగలగొడతానని మేస్త్రి అడిగాడు. నిలబడ్డ రెంటినీ వదిలేయమని యజమాని అన్నాడు. వద్దన్నాడాయన. రెండు రోజులు షెడ్డు వెనక ఒక్కడే కూర్చుని కొట్టాడు. చేతికి తెలియదు కాబట్టి పిడి ఒరుసుకుని చర్మం లేచిపోయినా ఆపలేదు. ముక్కలు ఏరి గంపలో వేసుకోవడం నూలక్క పని. ఆమె వెళ్లి ఏరేది. ఒక రాయి మీద ఆయన, ఒక గంప దగ్గర ఆమె. ఆ రెండు రోజుల్లో ఆయన ఆమెతో ఒకే ఒక మాట అన్నాడు, కళ్లలో పొడి పడుతుంది కాస్త దూరంగా కూర్చోమని.

యజమాని మంచివాడు. మంచివాళ్లు చేసే పనులన్నీ చేశాడు. మేస్త్రిని తీసేయలేదు, గేటు దగ్గర కుర్చీ వేయించి, లారీల రాకపోకలు చూడమన్నాడు. తేమ కొలిచే యంత్రం కొన్నాడు. తోడు ఆచారం మాన్పించి, రోజు మధ్యలో ఏదో ఒక పలకను పరీక్షమ్మే ఏరుకునేలా చేశాడు. తొట్టి దగ్గర నూలక్కను నిలబెట్టాడు. యంత్రం ఒక అంకె చెప్పేది, ఆమె పిడికిలి అదే చెప్పేది. జీతం పెంచాడు. ఆమె వద్దంటే, ఇది న్యాయం అన్నాడు. న్యాయం కాదని ఎవరన్నారు?

వంతెన నెలరోజులు ఆలస్యంగా పూర్తయింది. నూట పది పలకలూ నిలిచాయి. సందులో జనం మేస్త్రి దగ్గరికి వచ్చి మెచ్చుకున్నారు. వాళ్లకు లోపలి సంగతి తెలియదు. ఆయన ప్రతివాళ్లకూ ఓపిగ్గా అదే చెప్పాడు: "నావి కావు. మా ఆవిడవి." వాళ్లు దాన్ని హాస్యం అనుకుని నవ్వారు. పెళ్లాన్ని పైకెత్తే మొగుడు ఈ కాలంలో ఎక్కడున్నాడని ఎదురింటి ముసలాయనతో ఆయన భార్య పోట్లాట పెట్టుకుంది కూడా.

ఇంట్లో సాయంత్రాలు నిశ్శబ్దమయ్యాయి. ముద్ద ఎలా కుదిరిందో ఆయన అడగలేదు. చెప్పాలని ఆమె ఒకటి రెండుసార్లు మొదలుపెట్టింది. ఆయన విన్నాడు. "ఊఁ" అన్నాడు. ఆమెకు ఆ ఊఁ తెలుసు. ఆ తర్వాత చెప్పడం మానేసింది. డాక్టరు దగ్గరికి ఇప్పుడు రమ్మనకుండానే వస్తున్నాడు. సూది గుచ్చితే, తెలియదని సిగ్గుపడకుండా చెబుతున్నాడు. మాత్రలు వేళకు వేసుకుంటున్నాడు. తిన్న కంచం తానే కడుగుతున్నాడు. ఆమె అలసిపోయి వస్తోందట. ఇరవై ఎనిమిదేళ్లలో ఇంత మంచి మొగుణ్ణి ఆమె చూడలేదు. ఆ మంచితనాన్ని ఎలా భరించాలో ఆమెకు పాలుపోలేదు.

పొద్దున ఇద్దరూ కలిసే బయలుదేరేవారు. కాలవ దగ్గరికి వచ్చాక, "నువ్వు పద. నడక మంచిదని డాక్టరు చెప్పాడుగా" అని ఆయన గట్టు వెంట తూము వైపు తిరిగేవాడు. కొత్త వంతెన మీద ఒక్కసారీ అడుగు పెట్టలేదు. మొదట్లో ఆమె కూడా ఆయనతో చుట్టూ తిరిగి వెళ్లేది. అయితే ఆమె వచ్చేదాకా తొట్టి తిరగదు, ప్రెస్సు వేడెక్కి ఖాళీగా ఉంటుంది, ఇరవైమంది చేతులు కట్టుకుని నిలబడతారు. గేటు దగ్గర కుర్చీ ఖాళీగా ఉన్నా ఏ పనీ ఆగదు. అందుకని ఆమె వంతెన దాటి, అవతల గట్టున ఐదు నిమిషాలు నిలబడి, ఆయన తూము వైపు మలుపు తిరిగాక వెళ్లేది.

ఒకరోజు పొద్దున వాన పట్టుకుంది. గట్టంతా బురద. ఒకే గొడుగు ఉంది. ఆమె గొడుగు పట్టుకుని, వంతెన వైపు తిరగకుండా ఆయన వెంట గట్టు మీద నడిచింది. నాలుగడుగులు వేశాక ఆయన ఆగాడు.

"ఎక్కడికి? నువ్వు వంతెన మీంచి పో. బురదలో జారతావు."

"నువ్వు జారవా?"

"నాకు అలవాటే."

"ఇద్దరం వంతెన మీంచి పోదామయ్యా, ఈ ఒక్కరోజుకి. వానలో ఎవరు చూస్తారు?"

ఆయన వంతెన వైపు చూశాడు. వానకు తడిసి పలకలు నల్లగా మెరుస్తున్నాయి. బడిపిల్లలు ఇద్దరు సంచులు నెత్తిన పెట్టుకుని దాని మీద దబదబా పరుగెత్తి పోయారు.

"గట్టిగా ఉన్నాయి" అన్నాడు. "నీ పలకలే కదా. నువ్వు పో."

ఎత్తిపొడుపేమోనని ఆమె ఆయన మొహంలోకి చూసింది. కాదు. బయటివాళ్ల పనిని మెచ్చుకునేటప్పుడు మాట్లాడే గొంతు అది, మర్యాదగా, నిజాయితీగా. గొడుగు ఆయన చేతికివ్వబోయింది. తనకెందుకు, గేటు దగ్గర చూరుందిగా అని ఆయన వెనక్కి తోసి నడిచాడు.

ఆమె వంతెన ఎక్కింది. మధ్యకు వచ్చాక ఆగింది. ఆయన గట్టు మీద బురదలో అడుగు ఆనించి చూసుకుంటూ, కుడిచెయ్యి జేబులో పెట్టుకుని, వానలో తూము వైపు వెళ్తున్నాడు. వెనక్కి తిరగలేదు. ఆమె కాళ్ల కింద పలకలు కొంచెమైనా కదల్లేదు. అవతల కార్ఖానాలో మొదటి గంట కొట్టారు. ఆమె గొడుగు ముడిచేసి, వానలో నిలబడి, ఆయన మలుపు తిరిగేదాకా చూసింది.